గ్రీకు నాటకం, మూడోనాటి పాలు

కుప్పంలో నాకు మొదటి ఇల్లు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. యూనివర్సిటీలో ఉద్యోగం అనగానే ఇంటివాళ్ళు నవ్వుతూ గేటు తీసేవాళ్ళు. "ఏం పాఠం చెబుతారమ్మా?" అని అడిగేవాళ్ళు. "గ్రీకు నాటకాలు" అనేదాన్ని. అంతే, గేటు మెల్లగా మూసుకునేది.

చివరికి ఒక పెద్దావిడ మొహం మీదే చెప్పేసింది. "నాటకాలోళ్ళకు ఇల్లు ఇయ్యమమ్మా. హార్మోనీ పెట్టె తెస్తారు, తబలా తెస్తారు, పొద్దు మునిగితే మొదలు పెడతారు. మా ఇంటాయనకు బీపీ ఉండాది."

"నేను ఆడనమ్మా, పాఠం మాత్రమే చెబుతాను."

"మరి ఎవురాడేది?"

"ఎవరూ ఆడరు. ఆడినవాళ్ళు పోయి రెండువేల నాలుగు వందల ఏళ్ళయింది."

ఆమె గేటు పూర్తిగా తీసింది. "అట్లయితే పరవాలేదు, సామాన్లు దింపుకో" అంది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాను. నా ఉద్యోగాన్ని అంత తొందరగా అర్థం చేసుకున్న మనిషి తర్వాత ఎవరూ తగల్లేదు.

రిటైరై రెండేళ్ళయింది. ఈ చదువులోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, మీ అనుభవాలు రాసిపెట్టండి మేడమ్ అని పట్టుబట్టారు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ సభలో ఎవరు శాలువా కప్పారో నాకే సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది ఒక తప్పు. ఇంకొకరి మీద చేసిన తప్పు. దాన్ని దిద్దుకోవడానికి నేను తిరిగిన తిరుగుడులో ఈ వృత్తి గురించి నేర్చుకున్నంత, మిగిలిన ముప్పై ఏళ్ళలో నేర్చుకోలేదు. కాబట్టి అదే రాస్తాను.

అయ్యగారి పుణ్యం

మాది మదనపల్లె. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి వెనక వరస ఇళ్ళలో మేమంతా ఉండేవాళ్ళం. ఆ వరస చివర ఒక ముసలి పాస్టరు గారు, దానియేలు అయ్యగారు, రిటైరై ఉండేవారు. సువార్తలు మొదట రాసింది గ్రీకులోనే కాబట్టి వయసులో ఉండగా ఆయన సెమినరీలో గ్రీకు నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఎవరికైనా చెప్పాలని నలభై ఏళ్ళుగా చూస్తున్నారు. ఎవరూ దొరకలేదు. ఇంటర్ అయిన ఎండాకాలం సెలవుల్లో నేను దొరికాను.

మా అమ్మ నన్ను పంపింది గ్రీకు కోసం కాదు. "ఊరికే పండుకోని ఉండేదానికి అయ్యగారి దగ్గర ఏదో ఒకటి నేర్చుకో. టైపైనా మంచిదే" అంది. అయ్యగారింట్లో టైపు మిషన్ చెడిపోయి ఉంది. అలా గ్రీకొచ్చింది. ఎక్స్‌రే ఫిల్ములు పెట్టే పాత కవర్ల వెనక ఆయన అక్షరాలు రాసిచ్చేవారు. ఎవరివో పక్కటెముకల ఫిల్ము ఉండిన కవరు మీద నేను అక్షరమాల దిద్దుకున్నాను.

రెండు నెలలు సువార్త చెప్పాక ఒకరోజు ఆయన బీరువాలోంచి వేరే పుస్తకం తీశారు. కొంచెం దగ్గి, తలుపు వైపు చూసి, "ఇది మనది కాదమ్మా. పాత నాటకాలు. వీళ్ళ దేవుళ్ళు అంత మంచోళ్ళు కాదు. కానీ ఏడుపు మాత్రం బాగా రాసినారు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మద్రాసు పోయాను, డాక్టరేటు తెచ్చుకున్నాను, కుప్పం చేరాను. గ్రీకు నాటకాల మీద విమర్శ చాలా చదివాను గానీ అయ్యగారి ముక్క కంటే మంచిది దొరకలేదు.

నెల రోజులు పేర్లు చెప్పొద్దు

మొదటి రెండేళ్ళు నేను అందరిలాగే చెప్పాను. బోర్డు మీద వంశవృక్షం గీసేదాన్ని. ఫలానా రాజు, ఆయన తండ్రి, ఆయన తాత, ఆయన్ని శపించిన దేవత. పిల్లలు పేర్లన్నీ బట్టీ పట్టి, పరీక్షలో వరసలు తారుమారు చేసి, తండ్రిని మనవడికిచ్చి పెళ్ళి చేసినంత పని చేసేవాళ్ళు. కథ ఒక్కరికీ ఎక్కలేదు.

మూడో ఏడు పేర్లు మానేశాను. రాజు, అన్న, చెల్లెలు, కావలివాడు అంతే. మొదటి నెలంతా ఒక్క గ్రీకు పేరు పలకలేదు. క్లాసు లేచి కూర్చుంది. కలికిరి నుంచి వచ్చిన ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "ఈ రాజు మా మామ మాదిరే ఉండాడు మేడమ్. తప్పని తెలిసినా మాట మార్చడు" అన్నాడు. ఆ నాటకం గురించి చెప్పాల్సిన దాంట్లో సగం వాడే చెప్పేశాడు. కాబట్టి ఈ వ్యాసంలో కూడా పేర్లుండవు. పేర్లు కావలసినవాళ్ళకు లైబ్రరీ ఉంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ చదువులో ఉంటే ప్రతి సభలోనూ ఒకాయన లేచి, మన కథే అక్కడికి పోయిందంటాడు. ఇంకొకాయన లేచి, అక్కడి కథే ఇక్కడికి వచ్చిందంటాడు. ఇద్దరినీ నమ్మొద్దు. పోలిక కనబడితే కాఫీ తాగి రండి. మరుసటి రోజు మళ్ళీ చూడండి. అప్పటికీ కనబడితే, అప్పుడు రాయండి. ఇది మంచి నియమమే. ఈ మంచి నియమమే నా చేత తప్పు చేయించింది.

ఒక చెల్లెలి కథ

నేను ఎక్కువసార్లు చెప్పిన నాటకం ఇది. అన్నదమ్ములిద్దరు రాజ్యం కోసం కొట్టుకుని ఒకరి చేతిలో ఒకరు చచ్చిపోతారు. కొత్తగా రాజైన మేనమామ ఒకడికి మర్యాదగా అంత్యక్రియలు చేసి, రెండోవాడు ద్రోహి, వాణ్ణి పూడ్చొద్దు, పూడిస్తే చావే శిక్ష అని చాటింపు వేయిస్తాడు. శవం బయట పడి ఉంటుంది, చుట్టూ కావలి. చెల్లెలు పోయి అన్న మీద పిడికెడు మట్టి చల్లి వచ్చేస్తుంది. ఎవరూ చూడరు. కావలివాళ్ళు ఆ మట్టి ఊడ్చేస్తారు. ఆ పిల్ల మళ్ళీ వస్తుంది. ఈసారి పట్టుబడుతుంది. కథంతా ఆ పట్టుబడటం మీదే నడుస్తుంది.

అసలు మళ్ళీ ఎందుకొచ్చింది? పిడికెడు మట్టి పడితే చాలు, ధర్మం తీరిపోయినట్టే అని వాళ్ళ నమ్మకం. మొదటిసారే పని అయిపోయింది. తరతరాలుగా పండితులు దీని మీద కొట్టుకుంటున్నారు. మొదటిసారి వేసింది ఆమె కాదు, దేవతలు అన్నవాళ్ళున్నారు. ఇంట్లో ఉన్న ఇంకో ఆడతోబుట్టువు వేసిందన్నవాళ్ళున్నారు. మొండితనం అన్నవాళ్ళున్నారు. కవి మరిచిపోయాడన్న మహానుభావులు కూడా ఉన్నారు. ఈ వాదాలన్నీ నేను క్లాసులో రెండు వారాలు చెప్పేదాన్ని. ఒకప్పుడు దీని మీద ఒక పెద్ద వ్యాసం కూడా రాశాను. నా వ్యాసం సారాంశం, ఇది తేలదు అని.

ఎర్ర పెన్ను

రెడ్డెమ్మది పెద్దపంజాణి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న కూలిపని నుంచి మొదలుపెట్టి బస్సు డ్రైవరయ్యాడు. ఆ ఇంట్లో ఎం.ఏ. దాకా వచ్చింది ఈ పిల్లే. మూడో బెంచీలో కూర్చునేది. మాట తక్కువ, రాత ఎక్కువ. రిసెర్చ్ చేస్తాను మేడమ్ అని నాతో రెండుసార్లు అంది. ఆ మాటకు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మా చదువులో రిసెర్చ్ చేస్తానని తనంతట తాను అడిగేవాళ్ళు ఏళ్ళకొకరు వస్తారు.

ఆఖరి సెమిస్టర్ మధ్యలో వాళ్ళ అవ్వ పోయింది. వారం రోజులు క్లాసుకు రాలేదు. పరీక్షలో నేను ఆ పాత ప్రశ్నే ఇచ్చాను. చెల్లెలు రెండోసారి ఎందుకు వెళ్ళింది, పండితుల అభిప్రాయాలు చర్చించండి. రెడ్డెమ్మ పండితులను రెండు వాక్యాల్లో ముగించి, మూడు పేజీలు తన మాట రాసింది. మట్టి ఇవ్వడానికి పోవడం వేరు, మూడోనాడు సమాధి మీద పాలు పోయడానికి పోవడం వేరు. మొదటిది చేసి రెండోది చేయకపోతే పోయినవాళ్ళకు ఏమీ చేయనట్టే. ఆ చెల్లెలు రెండోసారి వెళ్ళింది మట్టి కోసం కాదు, పోయడానికి. సుమారుగా అదీ ఆమె వాదన.

ఆ మూడు పేజీల మీద నేను మూల నుంచి మూలకు ఎర్ర గీత గీశాను. కింద మూడు మాటలు రాశాను. "ఇది పెద్దపంజాణి కాదు."

ఆ వాక్యం రాసి నాలో నేను నవ్వుకున్నాను కూడా. చమత్కారంగా ఉందనుకున్నాను. మార్కులు సున్నా. ఆ ప్రశ్న పోవడంతో పేపరు పోయింది, పేపరు పోవడంతో రిసెర్చ్ ప్రవేశానికి అర్హత పోయింది. మామూలుగా పిల్లలు అర మార్కుకు వచ్చి పోట్లాడతారు. రెడ్డెమ్మ పేపరు తీసుకుని, ఆ మాట చదువుకుని, ఆ పేజీలు జిరాక్స్ తీయించుకుని, తిరిగిచ్చేసి వెళ్ళిపోయింది. తప్పు తెలుసుకుందిలే, మళ్ళీ రాసుకుంటుంది అనుకున్నాను. ఆ పిల్ల మళ్ళీ రాయలేదు.

మూడో నాడు

నెల తిరక్కుండా మదనపల్లెలో మా పెద్దనాన్న పోయాడు. ఆయన ఆసుపత్రిలో వాచ్‌మన్‌గా చేశాడు. మా శాంతమ్మ పెద్దమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. పిల్లలు లేరు, నేనే కూతురు. మట్టికి ఊరంతా వచ్చింది. అప్పటి చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు, అందరం తలా పిడికెడు మట్టి వేశాం. పెద్దమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళకు కాఫీలు అందాయా లేదా అని చూస్తూ ఉండిపోయింది.

మూడోనాడు పొద్దున్నే పెద్దమ్మ కొంగు కింద ఏదో పెట్టుకుని బయల్దేరింది.

"యాడికి పెద్దమ్మా?"

"సమాధి కాడ మొక్కలకు నీళ్ళు పోసేదానికి."

నేనూ వెంట వెళ్ళాను. అక్కడ మొక్కలు లేవు. రెండు రోజుల కిందటి ఎర్రమట్టి కుప్ప, దాని మీద వాడిన బంతిపూల దండ. పెద్దమ్మ అటూ ఇటూ చూసి కొంగు తీసింది. చెంబు నిండా బర్రె పాలు. మూడుసార్లుగా పోసింది.

మా మిషన్ ఇళ్ళలో ఈ పద్ధతి లేదు. పాత ఆచారం అని మా తాతల కాలంలోనే వదిలేశారు. బయట ఊళ్ళలో చేస్తారని నాకు తెలుసు. అది మనది కాదు అని చిన్నప్పుడే తెలుసు. ఆ మాట ఎంత గట్టిగా నాటుకుందంటే, దాని గురించి ఆలోచించాల్సిన పని కూడా నాకు ఎప్పుడూ కలగలేదు.

"పెద్దమ్మా, మనలో ఇది లేదు గదా?" అన్నాను.

"మనలో లేదు. మీ పెద్దనాయన వాళ్ళమ్మకు పోసినాడు. అయ్యగారికి తెలీకుండా పోసినాడు. నేను సూసినా." చెంబు వంచి ఆఖరి చుక్క కూడా రాల్చింది. "మొన్న అందరితో పాటు వచ్చినా. మొన్న ఆయప్ప అందరోడు. ఈ పొద్దు నేనొక్కదాన్నే రావాల." అప్పుడు ఏడ్చింది. నేను పట్టుకున్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "అయ్యగారికి చెప్పబాక" అంది.

నేను ఆ ఖాళీ చెంబు వైపే చూస్తూ నిలబడ్డాను. దుఃఖం వల్ల మాత్రమే కాదు, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ చెంబును నేను ముందే చూశాను. ఇంటికొచ్చి సంచిలోంచి నాటకం తీశాను. కావలివాడు రాజుకు చెప్పే మాటలు. ఆ పిల్ల రెండోసారి వచ్చింది, ఒట్టిగా పడి ఉన్న అన్నను చూసి పిట్టలాగా ఏడ్చింది, చేతులతో మట్టి తెచ్చి వేసింది, తర్వాత కంచు చెంబు ఎత్తి మూడుసార్లు పోసింది. ఏం పోసిందో కవి చెప్పలేదు. కానీ చెంబు ఉంది, మూడుసార్లు ఉంది. నేను ఆ వాక్యాలు వందసార్లు చదివాను. కంచు అనే మాట మీద అరగంట పాఠం చెప్పాను. చెంబు ఎందుకు తెచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. రెడ్డెమ్మ ఆ మూడు పేజీల్లో కంచు చెంబు గురించి రాసింది. నాటకంలో ఎక్కడ ఉందో కూడా చూపించింది. నా ఎర్ర గీత సరిగ్గా దాని మీదుగా పోయింది. సాక్ష్యం లేదని కాదు నేను కొట్టేసింది. సాక్ష్యం పెద్దపంజాణి నుంచి వచ్చిందని కొట్టేశాను.

పాల కేంద్రంలో పాఠం

పుంగనూరులో బస్సు మారి పెద్దపంజాణి చేరేసరికి సాయంత్రం అయింది. రెడ్డెమ్మ ఊరి పాల కేంద్రంలో ఉద్యోగం చేస్తోందని చెప్పారు. చిన్న గది, ముందు బల్ల, క్యాన్లు పట్టుకుని పదిహేను మంది వరస. రెడ్డెమ్మ ఒక్కొక్కరి పాలు గరిటెతో కలిపి, కొంచెం తీసి మిషన్‌లో పెట్టి, వెన్న శాతం చదివి చెబుతోంది. నన్ను చూసి గరిటె ఆపింది.

"మేడమ్! మీరీడ?"

"నీతో మాట్లాడాల రెడ్డెమ్మా. నేను తప్పు చేసినా."

"ఇంగో గంట పడతాది మేడమ్. నిలిపితే పాలు ఇరిగిపోతాయి."

పాలు పడుతూనే వినమన్నాను. వరసలో ముందున్నావిడ క్యాన్ కింద పెట్టి, "ఏం తప్పమ్మా?" అని అడిగింది. ఎదురు చెప్పలేక చెప్పడం మొదలుపెట్టాను. పేర్లు లేకుండా కథ చెప్పే అలవాటు ఆ రోజు నన్ను కాపాడింది. రాజు ఒక అన్నను పూడ్చొద్దన్నాడు అనగానే, "వాని నోట్లో మన్ను బడ" అంది ఆమె. "పూడ్సొద్దనేదానికి వాడెవుడు?" అన్నారు వెనక నుంచి. చెల్లెలు పోయి మట్టి వేసొచ్చిందంటే వరసంతా మెచ్చుకుంది.

"మళ్ళీ రెండోసారి పోయినాది. పట్టుబడినాది. రెండోసారి యాల పోయినాదో పెద్ద పెద్ద పండితులకు కూడా తెలీలేదు" అన్నాను.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తెలియక కాదు. నేను వాళ్ళను ఆట పట్టిస్తున్నానేమో అని అనుమానం. చివరికి తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన మొహమాటంగా అన్నాడు.

"పాలు పొయ్యొద్దా తల్లీ మరి?"

ముందున్నావిడ నన్ను నిలదీసింది. "ఆ పిల్ల చేతిలో చెంబుండాదా లేదా?"

"ఉండాది."

"ఉంటే ఇంగేంది? దీనికి పండితులు యాల?"

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకేం చేస్తాను. నా వ్యాసం, నా రెండు వారాల పాఠం, ఇంతమంది మహామహుల వాదం, అన్నీ కలిపి ఆ వరసలో ఒక క్యాన్ పాలు కొలిచేంత సేపు కూడా నిలబడలేదు. రెడ్డెమ్మ ఒక్కతే నవ్వలేదు. తల దించుకుని పాలు కలుపుతూ ఉంది.

వరస అయిపోయాక చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. ప్రవేశాల ఆఖరు తేదీకి ఇంకా ఆరు రోజులున్నాయి, నీ మార్కులు మార్పిస్తాను, రా అన్నాను.

"మార్కులు తర్వాత సంగతి మేడమ్" అంది. "మీరు రాసిన మాట కొట్టెయ్యాల. దాన్ని మా నాయన సదివినాడు. 'అది పెద్దపంజాణి కాదని నాకే తెలుసు గదా, నువ్వు అట్ల యాల రాసినావు' అని నన్నే తిట్టినాడు. మీరు పెద్దోళ్ళు గదా, మీరు రాసింది సరిగ్గా ఉంటాదనుకున్నాడు."

కొట్టేస్తాను అన్నాను.

హెడ్డు గారి సంతకం

మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారిది పుంగనూరు. చెడ్డమనిషి కాదు. కాగితాలంటే భయం, సంతకమంటే ఇంకా భయం. ఆయన బల్ల మీద పెన్నుకు ఎప్పుడూ మూత పెట్టి ఉండేది.

పేపరు మళ్ళీ దిద్దించండి, నేను దిద్దింది తప్పని రాసిస్తాను అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మేడమ్, తప్పు చేయడానికి మనకు హక్కుంది. ఒప్పుకోవడానికి రూలు లేదు. ఈ రోజు మీరు ఒప్పుకుంటే రేపు ఫెయిలైనోళ్ళంతా నా తలుపు కాడ ఉంటారు. ఆ పిల్ల మళ్ళీ రాసుకుంటుంది, పోనీండి."

"రాయదు సార్. సరిగ్గా రాసినదాన్ని రెండోసారి ఎందుకు రాస్తుంది?"

"అంత సరిగ్గా ఏం రాసిందో?"

చెప్పాను. మట్టి, మూడో నాడు, చెంబు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోవడం మరిచిపోయారు.

"మా అమ్మకు మూడోనాడు నేను పోలేదు" అన్నారు. "అప్పుడు ఈడ పరీక్షలు జరుగుతా ఉండినాయి. మట్టికి పోయొచ్చినా గదా, చాలు అనుకున్నా. మా చెల్లెలు పోసింది. ఈ పొద్దుటికీ నాతో సరిగ్గా మాట్లాడదు."

పేపరు తెప్పించారు. నా ముందు పెట్టారు. "ఇది పెద్దపంజాణి కాదు" అన్న మాట మీద నేను అదే ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన నా పేరు పొడి అక్షరాలు వేశాను. ఆయన పెన్ను మూత తీసి సంతకం చేశారు. పేపరు వేరే ఊరి ఎగ్జామినరు దగ్గరికి పోయింది. నాలుగో రోజు మార్కులొచ్చాయి, ఐదో రోజు రెడ్డెమ్మ దరఖాస్తు ఇచ్చింది. ఆ సంవత్సరం హెడ్డు గారి తలుపు దగ్గరికి ఫెయిలైనవాళ్ళు ఒక్కరూ రాలేదు.

రెడ్డెమ్మ ఐదేళ్ళు నా దగ్గర రిసెర్చ్ చేసింది. గ్రీకు నా కంటే బాగా చదువుతుంది. ఆ పిల్ల థీసిస్‌లో ఇదే జవాబు అని ఎక్కడా రాయలేదు. ఇది కూడా అయి ఉండవచ్చు, ఇదిగో కారణాలు అని రాసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఆచార్యుడు, మీ ఊరి ఆచారంతో గ్రీకు నాటకాన్ని కొలవడం న్యాయమా అని అడిగాడు. "కొలవలేదు సార్. మా ఊళ్ళో చూసినందువల్ల చెంబు కనబడింది. కనబడినాక మీ పుస్తకాల్లోనే వెతికినాను" అంది. హెడ్డు గారు వెనక కుర్చీలో కూర్చుని సభామర్యాద మరిచి చప్పట్లు కొట్టారు.

కొత్తవాళ్ళకు

ఎర్ర పెన్ను వాడండి, వాడకపోతే పిల్లలు పాడవుతారు. కానీ గీత గీసే ముందు, కొట్టేస్తున్నది తప్పైనదాన్నా, లేక మీకు అలవాటు లేనిదాన్నా అని చూసుకోండి. వింతగా రాసిన విద్యార్థికి సున్నా వేయడం కంటే, ఎక్కడుంది చూపించు అని పక్కన రాయండి. చూపిస్తే మీరు బాగుపడతారు, చూపించలేకపోతే వాళ్ళు బాగుపడతారు. చమత్కారాలు మాత్రం జవాబు పత్రాల మీద రాయకండి. అవి ఇంటికి పోతాయి, తండ్రులు చదువుతారు.

నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు రెడ్డెమ్మ కూర్చుంటుంది. మొదటి నెల పేర్లు చెప్పదట.

మొన్న ఎండాకాలంలో మా పెద్దమ్మ పోయింది. తొంభై ఏళ్ళు నిండిన మనిషి, ఆఖరి రోజు కూడా నర్సమ్మకు మంచం దుప్పటి ఎలా పరచాలో చెప్పి మరీ పోయింది. మట్టికి రెడ్డెమ్మ వచ్చింది, వాళ్ళ నాన్నతో. ఆయన పిడికెడు మట్టి వేసి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళాడు. రెడ్డెమ్మ మాత్రం ఉండిపోయింది.

మూడోనాడు పొద్దున ఇద్దరం వెళ్ళాం. చెంబు నా కొంగు కింద ఉంది. రెడ్డెమ్మ దాన్ని తీసుకుని ఒకసారి పోసింది, రెండోసారి పోసింది. అంతలో గేటు దగ్గర సైకిల్ ఆగింది. మా కొత్త అయ్యగారు, కుర్రాడు. మమ్మల్ని చూసి లోపలికొచ్చారు. దాచుకోవడానికి టైము లేదు. ఎర్రమట్టి మీద పాలు తెల్లగా పారుతున్నాయి.

"ఏం చేస్తాండారమ్మా?" అన్నారు.

నా నోట పెద్దమ్మ మాటే వచ్చింది. "మొక్కలకు నీళ్ళు పోస్తాండాం అయ్యగారూ."

ఆయన మట్టికుప్పను చూశారు. దాని మీద గడ్డిపోచ కూడా లేదు. చెంబును చూశారు, నన్ను చూశారు.

"అయితే ఇంకొంచెం పొయ్యండమ్మా" అన్నారు. "ఎండ జాస్తిగా ఉండాది." సైకిలెక్కి వెళ్ళిపోయారు.

రెడ్డెమ్మ చెంబు నా చేతికిచ్చింది. మూడోసారి నేను పోశాను.